పేరు వెనుక వ్రేళ్లు – మణిశర్మ సంగీత ప్రస్థానము

(కోసిగి గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను లెక్కలు వ్రాసి జీవించువాడను. పాఠశాల చదువు కొద్దిపాటిది. భారత భాగవతములను ఈ గ్రంథాలయపు బీరువాలనుండి తీసికొనిపోయి, నిఘంటువును ప్రక్కనుంచుకొని, రాత్రివేళల అక్షరమక్షరము కూడబలుకుకొని చదువుకొన్నాను. కావున సంగీతశాస్త్రమున నాకు పాండిత్యము కలదని ఎవరును తలపవలదు. ఏదైన కావ్యమును గూర్చి మాటాడుమని కార్యవర్గమువారు కోరిరి. సినిమా సంగీత దర్శకుడొకరిని గూర్చి మాటాడెదనని నేనంటిని. "గ్రంథాలయపు పండుగనాడు సినిమాపాటల ముచ్చట యేల?" అని కొందరు పెద్దలు నొసలు చిట్లించిరి. వారి ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానము చెప్పుటకే ఇచ్చట నిలిచితిని.

వానలు మొగము చాటుచేసిన యేట మన ప్రాంతమునుండి కుటుంబములకు కుటుంబములే సుగ్గికి బయలుదేరి గుంటూరు మిరపచేలకు, ప్రత్తిచేలకు పోవుట మీరెరిగినదే. మూటలో జొన్నపిండి, వంటపాత్రలు, జేబులో ఫోను, ఆ ఫోనులో పాటలు. మన పుస్తకము వెంటబోలేని చోటికి పాట వెంటబోవుచున్నది. చదువురాని తల్లి చెవికిని, బడి మానిన పిల్లవాని చెవికిని అది సమానముగా అందుచున్నది. అంతటి చనవుతో మన యిండ్లలో మసలుదానిని తయారుచేయువారెవరు, వారు ఆ విద్యను ఎట్లు గడించిరి, దానివలన ఎవరికి లాభము, ఎవరికి నష్టము అని విచారించుట గ్రంథాలయమునకు తగిన పనియే యని నా నమ్మకము.

ఇంకొక కారణమును కలదు. మన ఊరి పిల్లలు కొందరు కీబోర్డు నేర్చుకొన గోరుచున్నారు. "అది కూడు పెట్టునా?" అని తండ్రుల ప్రశ్న. "ఆ యంత్రమే మా నోటికాడి ముద్దను లాగుకొన్నది" అని నాటకములకు హార్మోనియము వాయించిన పెద్దల బాధ. ఈ రెండు మాటలును నేను నా చెవులతో విన్నవే. రెండింటిలోను సత్యమున్నది. కీబోర్డు వాయించుటతో జీవితము నారంభించి తెలుగునాట పేరెన్నికగన్న సంగీత దర్శకుడైన మణిశర్మ ప్రస్థానమును సాక్ష్యముగా నుంచుకొని ఈ రెండు మాటలను మీ యెదుట విచారింతును.

ముందుగా ఆ మెట్లవాద్యము మనకెట్లు వచ్చెనో చెప్పవలెను. హార్మోనియము మన దేశమున పుట్టినది కాదు. పారిసు నగరమున అలెగ్జాండర్ దెబాఁ అనువాడు 1842లో దానికి హక్కుపత్రము పొందెను. అది కాళ్లతో త్రొక్కుచు, కుర్చీపై కూర్చుండి వాయించునది. నేలపై కూర్చుండు మనవారికి అనువుగా, ఒక చేత తిత్తి నూదుచు మరియొక చేత మెట్లు నొక్కు రూపమును 1875 ప్రాంతమున కలకత్తాలో ద్వారకానాథ ఘోషు తీర్చిదిద్దెను. అచ్చటినుండి అది నాటకశాలలకు ప్రాకెను. మన పొరుగుననున్న బళ్లారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు తెలుగు నాటకమునకు పాటను జోడించి ఆంధ్ర నాటక పితామహుడను బిరుదు గాంచిరి. కడప మండలపు సురభి గ్రామమున 1885లో కీచకవధ నాడిన కుటుంబము క్రమముగా పెద్ద నాటక సమాజమై తెలుగునాడంతటను తిరిగెను. ఇట్లు మన సీమయే తెలుగు రంగస్థలమునకు ఒక పుట్టినిల్లు. ఆ రంగస్థలముపై తెర ప్రక్కన కూర్చుండి పద్యమునకు శ్రుతి నందించినవాడు హార్మోనిస్టు. కృష్ణునికిని, అర్జునునికిని చప్పట్లు దక్కెను. శ్రుతి నందించినవాని పేరు కరపత్రమున చివరి పంక్తిలో నుండెడిది. కొన్నిమారులు అదియును లేదు.

పండితులు ఆ పెట్టెను తేలికగా అంగీకరింపలేదు. వారి యాక్షేపణ అర్థము లేనిది కాదు. వీణపై తీగను ప్రక్కకు లాగి స్వరమును ఊపవచ్చును. వయొలినుపై వ్రేలు జార్చి ఒక స్వరమునుండి మరియొక దానిలోనికి నూనెధారవలె పోవచ్చును. హార్మోనియమున స్థాయికి పండ్రెండు మెట్లు. మెట్టునకు మెట్టునకు నడుమ గోడ. గమకమే ప్రాణమైన మన సంగీతము ఆ గోడల నడుమ ఇముడునా యని వారి ప్రశ్న. ఈ కారణముచేతనే 1940 మార్చి 1వ తేదీనుండి ఆకాశవాణి హార్మోనియమును నిషేధించెను. సుమారు మూడు దశాబ్దముల తరువాత గాని ఆ నిషేధము సడలలేదు. రేడియోలో స్థానము లేని ఆ వాద్యము అంతకాలమును మన పల్లె నాటకములలో రాజ్యమేలెను. శాస్త్రము తలుపు మూసినను అవసరము కిటికీ తెరచును గదా.

కీబోర్డు ఈ వంశమున పుట్టిన మనుమడు. రూపము తాతదే, తీరు వేరు. దానికి తిత్తి లేదు, నాలుకలు లేవు. 1964లో అమెరికాలో రాబర్టు మోగ్ విద్యుత్తుతో ధ్వనిని పుట్టించి, పొంకపరచు సింథసైజరును రూపొందించెను. తరువాతివారు ఇంకొక అడుగు ముందుకు వేసిరి. నిజమైన వయొలినును, వేణువును, మృదంగమును వాయింపించి, ఆ ధ్వనిని అంకెలుగా మార్చి యంత్రములో దాచిరి. మెట్టు నొక్కినచో దాచిన ధ్వని పలుకును. హార్మోనియమునకు లేని గమకమునకై ప్రక్కన చిన్న చక్రము నమర్చిరి. దానిని త్రిప్పినచో స్వరము పైకిని క్రిందికిని వంగును. 1983లో మిడి అను కట్టుబాటు వచ్చెను. వేర్వేరు కంపెనీల వాద్యములును, కంప్యూటరులును ఒకదాని మాట నొకటి తెలిసికొనుటకై చేసికొన్న ఒప్పందమది.

ఈ మిడి యన నాకు ప్రత్యేకమైన ఆదరము. అది ధ్వనిని మోసికొనిపోదు. ఏ మెట్టు నొక్కబడినది, ఎప్పుడు నొక్కబడినది, ఎంత బలముతో నొక్కబడినది, ఎప్పుడు విడువబడినది – ఇంతమాత్రమే అంకెలలో వ్రాసికొనును. బలమునకు సయితము 127 వరకు మెట్టుమెట్టుగా లెక్క కలదు. అనగా అది మేము వ్రాయు చిట్టాయే! చిట్టాలో రూపాయి యుండదు. రూపాయి జాడ యుండును. అట్లే మిడిలో పాట యుండదు. పాట జాడ యుండును. ఆ జాడను చేతపట్టుకొని, వయొలినుకు బదులు వేణువును పలికింపవచ్చును; తప్పిన ఒక్క స్వరమును దిద్దవచ్చును; వేగమును పెంచవచ్చును, తగ్గింపవచ్చును.

ఇక సినిమాపాట తయారగు విధము. పూర్వము మద్రాసు స్టూడియోలలో గాయకుడును, వాద్యబృందమంతయును ఒక్కమారే పాడి వాయించి రికార్డు చేసెడివారు. చివరి చరణమున ఒకరు తప్పినచో అందరును మొదటికి రావలసినదే. బాణీ కట్టువాడు సంగీత దర్శకుడు. ఆ బాణీకి ఏ వాద్యము ఎచ్చట పలుకవలెనో విభజించువాడు అరేంజరు. వాద్యకారులను నడిపించువాడు కండక్టరు. ధ్వనుల హెచ్చుతగ్గులు చూచువాడు రికార్డింగు ఇంజనీరు. కీబోర్డును కంప్యూటరును వచ్చిన పిదప ఈ పనులలో పెక్కింటిని ఒక్క మనుష్యుడే తన గదిలో కూర్చుండి చేయగలుగుచున్నాడు. పాశ్చాత్యులు ఇట్టివానిని సంగీత నిర్మాత యందురు. చిత్రమునకు ధనము పెట్టు నిర్మాతకును ఇతనికిని సంబంధము లేదు. బాణీ పుట్టినది మొదలు పాట శ్రోత చెవి చేరువరకు ధ్వనికి బాధ్యుడైనవాడని దాని యర్థము.

మణిశర్మగారి అసలు పేరు యనమండ్ర వేంకట సుబ్రహ్మణ్యశర్మ. 1964 జూలై 11వ తేదీన మచిలీపట్టణమున జన్మించెను. తండ్రి వయొలిన్ విద్వాంసుడు. కుటుంబము మద్రాసు చేరుటచే ఆ నగరముననే పెరిగెను. తండ్రి చేతిలో కమాను. కొడుకు చేతిలో మెట్లు. తండ్రిది తీగపై జారు స్వరము. కొడుకుది మెట్టుమెట్టుగా నడచు స్వరము. ఆ రెంటి నడుమనున్న దూరమును తీర్చుటకే ఆయన బాణీలు జీవితమంతయు శ్రమించుచున్నట్లు నాకు తోచును. ఇది నా యూహ మాత్రమే. కాని ఆయన కట్టిన ప్రేమగీతములను నిదానముగా విన్నవారు నా మాటను పూర్తిగా త్రోసివేయరు.

ఆయన మొదట సంగీత దర్శకుడు కాదు. సంగీత దర్శకుల కొలువున కీబోర్డు వాయించిన పనివాడు. రాజ్–కోటి ద్వయమువద్దను, కీరవాణివద్దను వాయించెను. ఈ రాజ్–కోటి లెవరు? రాజ్ అనగా తోటకూర సోమరాజు, సంగీత దర్శకుడు టి.వి. రాజు కుమారుడు. కోటి అనగా సాలూరి కోటేశ్వరరావు, మల్లీశ్వరికి సంగీతము సమకూర్చిన సాలూరి రాజేశ్వరరావు కుమారుడు. వారిరువురును 1983లో ప్రళయగర్జన చిత్రముతో జంటగా వెలుగులోనికి వచ్చిరి. రాజ్ 2023 మే 21వ తేదీన కీర్తిశేషుడయ్యెను. తరువాతి కాలమున జగత్ప్రసిద్ధుడైన ఏ.ఆర్. రహ్మాను సయితము యౌవనమున ఈ జంటవద్ద కీబోర్డు వాయించినవాడే. ఆయన తొమ్మిదేండ్ల ప్రాయముననే తండ్రిని పోగొట్టుకొనెను. తండ్రి విడిచిపోయిన వాద్యములను అద్దెకిచ్చి ఆ కుటుంబము దినములు గడపెను. కీరవాణియును చక్రవర్తిగారివద్ద సహాయకుడుగా పనిచేసి, 1990లో మనసు మమత చిత్రముతో సంగీత దర్శకుడై, 2023లో ఆస్కారు నందెను. వీరిలో ఒక్కడును మొదటి దినముననే తన పేరుతో నిలువలేదు.

ఇచ్చట నాకు భారతకథ యొకటి జ్ఞాపకమునకు వచ్చుచున్నది. శ్రీనాథుని శృంగారనైషధము నలదమయంతుల వివాహ వైభవముతో ముగియును. ఆ పిమ్మటి కష్టములు తెలియవలెనన్న నన్నయభట్టారకుని ఆరణ్యపర్వమే శరణ్యము. రాజ్యము పోగొట్టుకొని, కర్కోటకుని కాటుచే రూపు మారిన నలుడు బాహుకుడను పేరుతో అయోధ్యారాజగు ఋతుపర్ణుని కొలువున చేరెను. గుఱ్ఱములను నడపెను, వంట చేసెను. రథము నలునిది కాదు. పేరు నలునిది కాదు. చేయి మాత్రము నలునిదే. త్రోవలో ఋతుపర్ణుడొక తాండ్రచెట్టును చూచి, దాని ఆకులును కాయలును ఇన్ని యని లెక్క చెప్పెను. నలుడు రథమాపి లెక్కించి చూచి ఆశ్చర్యపడెను. ఒకడు అశ్వహృదయము నిచ్చి, ఒకడు అక్షహృదయము నిచ్చి విద్యలు మార్చుకొనిరి. ఆ సంఖ్యావిద్య సోకగనే నలుని దేహమునుండి కలి వెడలిపోయెను. లెక్కలు వ్రాయువాడను గనుక ఈ ఘట్టము నాకు మిక్కిలి ప్రియము. సంగీతమును ఒక లెక్కయే గదా! తాళము తప్పనివానిని కలి తాకజాలదు.

ఆ కథలో ఇంకొక ముచ్చట. బాహుకుని మారురూపమును చూచి దమయంతి భర్తను గుర్తింపలేకపోయెను. అతడు వండిన వంటను తెప్పించి రుచి చూచెను. చూచి, ఇది నలుని చేతివంటయే యని నిశ్చయించెను. పేరుకన్న ముందు, రూపుకన్న ముందు చేతిరుచి మనుష్యుని పట్టి యిచ్చును. పరుల కొలువున ఏండ్ల తరబడి వాయించిన కళాకారుని విషయమున జరుగునదియు ఇదియే. తెరపై ఆతని పేరుండదు. అయినను చెవిగలవాడు ఆ వ్రేళ్ల రుచి పట్టును.

అట్లు పట్టినవారిలో దర్శకుడు రామగోపాలవర్మ యొకడు. ఆయన 1992లో రాత్రి అను భయానక చిత్రమునకు నేపథ్య సంగీతమును మణిశర్మ కప్పగించెను. అదే యేట అంతం చిత్రమున ఒక పాటకును అవకాశము కలిగెను. నేపథ్య సంగీతమనగా ఏమో యొక మాట చెప్పవలెను. పాట వచ్చినపుడు మనము విందుము. మాటల వెనుక మ్రోగుదానిని విన్నట్లు మనకు తెలియదు. ఖాళీయైన వరండాను చూపించినపుడు గుండె యెందుకు దడదడలాడినది? తలుపు వెనుక ఎవరును లేరని తెలిసినను ఊపిరి యెందుకు బిగబట్టితిమి? అది కన్ను చేసిన పని కాదు. చెవి చేసిన పని. చాటుననుండి వంట చేయు బాహుకుని విద్యకు ఇంతకన్న మంచి నిదర్శనము లేదు.

ఆ తరువాత 1997 వరకు, అనగా అయిదేండ్లు, వేచియుండవలసి వచ్చెను. ఆ యేట సూపర్ హీరోస్ చిత్రమునకు సంగీత దర్శకుడుగా ఆయన పేరు తెరకెక్కెను. అదే యేట వచ్చిన ప్రేమించుకుందాం రా చిత్రమునకు నేపథ్య సంగీతము సమకూర్చెను. ఆ చిత్రకథ మన కర్నూలులో జరుగును. మరునాడే యనదగినంత వేగముగ, 1998లో, బావగారూ బాగున్నారా, చూడాలని ఉంది చిత్రములు వచ్చెను. చూడాలని ఉంది చిత్రమునకు ఫిల్మ్‌ఫేర్ బహుమానము దక్కెను. అయిదేండ్లకు ఒక్కడు చిత్రమునకు మరల అదే బహుమానము లభించెను. ఆ రెండు చిత్రములకును దర్శకుడు గుణశేఖరు. 2005లో అతడు, 2006లో పోకిరి, 2010లో ఖలేజా – ఇట్లు ఒక తరము యువకుల చెవులలో ఆయన పాటలు నిండెను. శ్రావ్యమైన బాణీలకై అభిమానులు ఆయనను మెలొడీ బ్రహ్మ యని పిలిచిరి.

ఈ విజయములను గూర్చి సీమవాడుగా ఒక మాట చెప్పకున్న నా లెక్క పూర్తికాదు. 1999లో సమరసింహారెడ్డి, 2001లో నరసింహనాయుడు, 2002లో ఇంద్ర – ఈ మూడు చిత్రములలోను మన సీమ కలదు; మూడింటి పాటలును మణిశర్మవే. 2003 నాటి ఒక్కడు చిత్రమున మన కర్నూలు కొండారెడ్డి బురుజు తెలుగువారందరి కన్నులలో నిలిచెను. కాని ఆ చిత్రములు చూచిన పైప్రాంతములవారు మనలను ఏ కన్నుతో చూడసాగిరో మీకు తెలియును. "మీది కర్నూలా?" అని అడిగి, ఒక యడుగు వెనుకకు వేసి నవ్వువారు నాకును ఎదురైరి. కత్తి లేచినపుడు ఒళ్లు పులకరించునట్లు చేసినది సంగీతమే. ఆ పులకరింతలో మన కరవు మరుగుపడెను. ఈ సీమలో మనుష్యుని ఇల్లు విడిపించినది కత్తికన్న కరవే యెక్కువ. ఆ కథకు డప్పు మ్రోగించినవారు తక్కువ.

ఇందుకు సంగీత దర్శకుని నిందింపవలెనని నా యభిప్రాయము కాదు. కథ అతడు వ్రాయలేదు. వ్రాసిన కథకు ప్రాణము పోయుట అతని వృత్తిధర్మము. బాహుకుడు ఋతుపర్ణుని రథమును ఋతుపర్ణుడు చెప్పిన దిక్కునకే తోలెను. కాని ఒక సంగతి మనము గ్రహింపవలెను. చేతిలో శక్తిగల విద్య యున్నపుడు అది ఎవని కథను మోయుచున్నదో చూచుకొనవలెను. మన కథను మోయు విద్యావంతులు మనలోనుండి పుట్టనంతకాలము, పరులు చెప్పిన కథనే మనము పరవశులమై వినుచుందుము. పిల్లవాడు కీబోర్డు నేర్చుకొందునన్నపుడు తండ్రి అడుగవలసిన ప్రశ్న "కూడు పెట్టునా?" అనునది ఒక్కటే కాదు, "దానితో ఏమి చెప్పెదవు?" అనునది కూడ.

అయినను కూటి ప్రశ్నను దాటవేయుట న్యాయము కాదు. జమాపద్దు చెప్పెదను. మణిశర్మవద్ద కీబోర్డు పనిచేసినవారిలో హారిస్ జయరాజు తమిళదేశమున పెద్ద సంగీత దర్శకుడయ్యెను. తమన్ తెలుగులో అగ్రశ్రేణికి వచ్చి, అల వైకుంఠపురములో చిత్రపు పాటలకు జాతీయ బహుమానము పొందెను. మణిశర్మ కుమారుడు మహతి స్వరసాగరు 2018లో ఛలో చిత్రముతో ఖ్యాతి గాంచెను. ఒక దీపమునుండి మరియొక దీపము వెలిగినట్లు, కొలువు చేసినవాడు యజమానియై, మరికొందరికి కొలువిచ్చెను. నడుమ కొన్నియేండ్లు మణిశర్మకు పెద్ద చిత్రములు తగ్గెను. 2019లో ఇస్మార్ట్ శంకర్ పాటలతో ఆయన పేరు మరల మారుమ్రోగెను. విద్య చేతనున్నవానికి కరవు కాలము వచ్చును గాని, విత్తనము చెడదు.

ఖర్చుపద్దును చెప్పవలెను. ఒక్క కీబోర్డు నలువది వయొలినుల ధ్వని నిచ్చునపుడు, ఆ నలువది వయొలినులు వాయించు చేతులేమయ్యెను? స్టూడియోలో దినకూలికి వాయించిన వాద్యకారులు పెక్కురకు పని తగ్గెను. ఒక్కొక్క విజేత వెనుక పేరు తెలియని వ్రేళ్లు ఎన్నియో మూతపడెను. మన పల్లెలలోను ఇదియే కథ. నాటకమునకు ఇప్పుడు కీబోర్డు వచ్చెను. హార్మోనియము పెట్టె అటకయెక్కెను. గొంతు తప్పిన నటుని పద్యమధ్యమున పట్టుకొని ఒడ్డునకు చేర్చిన ఆ పెద్దలు నేడు అరుగులపై కూర్చుండి ఫోనులో పాటలు వినుచున్నారు. మరి, మొదటివంద విద్యార్థులలో ఒక్కడైనను మణిశర్మ కాగలడా యని తండ్రి అడిగినచో, కాగలడని నేను పూచీ యీయలేను. అట్లు పూచీ యిచ్చువానిని మీరు నమ్మవలదు.

అయితే ఏమి చేయవలెను? పెద్దల నోటికాడి ముద్ద, పిల్లల చేతికందు విద్య – ఈ రెండును ఒకదానికొకటి శత్రువులు కావని నా నిశ్చయము. రాజ్–కోటివద్ద పనిచేసిన రోజులలో మణిశర్మకు యంత్రము సంగీతము నేర్పలేదు, మనుష్యులు నేర్పిరి. దాచిన వయొలిన్ ధ్వని ఏ దుకాణమునందైనను దొరకును. దానిని ఎచ్చట పలికింపవలెనో, ఎచ్చట మౌనముగా నుంచవలెనో, అది దుకాణమున దొరకదు. అది మన అరుగులపై కూర్చున్న పెద్దలవద్ద నున్నది. ఏ నటుని శ్రుతి యెంత, ఏ పద్యమును ఏ రాగమున ఎత్తుకొనవలెను, రాగమెచ్చట దింపవలెను – ఇవన్నియు వారి చెవులలో భద్రముగా నున్నవి. వారితో పాటు పోవుటకు సిద్ధముగానున్నవి.

కావున కార్యవర్గమువారి యెదుట మూడు విన్నపము లుంచుచున్నాను.

మొదటిది: ఈ గ్రంథాలయమున ఒక దళసరి ఖాతాపుస్తకము తెరువవలెను. కోసిగిలోను, చుట్టుపట్ల గ్రామములలోను నాటకములకు, భజనలకు, కోలాటములకు, చెక్కభజనలకు హార్మోనియము, తబల, డోలు, తాళములు వాయించినవారి పేర్లు, వారి గురువుల పేర్లు, వారు వాయించిన నాటకముల పేర్లు అందులో వ్రాయవలెను. తెలుగు వాద్యకారులే కాదు, పొరుగు కన్నడ నాటకములకు వాయించినవారును అందు చేరవలెను. కరపత్రమున చివరి పంక్తిలోనైనను చోటు దొరకని వారికి మన పుస్తకమున మొదటి పంక్తిలో చోటు దొరకవలెను. ఆ పుస్తకమును వ్రాయు బాధ్యతను, ప్రతిఫలము లేకుండ, నేను స్వీకరించుచున్నాను. వారి పద్యములను ఫోనులలోనే రికార్డు చేసి భద్రపరచు పనిని యువకులు స్వీకరింతురుగాక.

రెండవది: చదువరుల వేళ ముగిసిన పిమ్మట, వారమునకు రెండు సాయంకాలములు, ఈ హాలును సంగీత శిక్షణకు విడువవలెను. చదువుకు శబ్దము అడ్డమని కొందరు సంశయింతురు. వేళ ముగిసిన తరువాతనే యనుచున్నాను గనుక ఆ సంశయమునకు చోటు లేదు. మొదటి యేడు శ్రుతియు, తాళమును, హార్మోనియమును, రెండవయేట కీబోర్డు. ముందు చెవి తయారుకావలెను, తరువాత యంత్రము.

మూడవది: శిక్షకులుగా మన హార్మోనిస్టులనే పిలువవలెను, కొద్దిపాటిదైనను గౌరవ వేతనము నీయవలెను. ఈ సంచిక ప్రకటనలవలన మిగులు సొమ్ముతో నొక పాత హార్మోనియమును బాగు చేయించినచో చాలును, క్రొత్తది కొననక్కరలేదు. పండుగలకు అద్దె మైకులకై పెట్టు ఖర్చును ఒక్క యేడు తగ్గించుకొన్నచో, కీబోర్డు సంగతి మరుసటి యేట చూడవచ్చును. ఇది లెక్కలవాని మాట, నమ్మి చూడుడు.

కర్నూలులో జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమమునకు అండగా నిలిచిరి. ఆ పెద్దల భావమున గ్రంథాలయము పుస్తకముల కొట్టు మాత్రము కాదు. గ్రామమునకు కన్నును చెవియు. కన్నునకు ఇరువదియైదేండ్లు సేవ చేసితిమి. ఇక చెవికిని కొంత సేవ చేయుదము.

రేపు మన పిల్లవాడొకడు మద్రాసునకో, హైదరాబాదునకో పోయి ఎవరి కొలువుననో మెట్లు నొక్కవచ్చును. ఆతని పేరు తెరపైకి వచ్చునో రాదో దైవమెరుగును. కాని వాని వ్రేళ్ల రుచిలో కోసిగి నేల రుచి యుండవలెను, విన్నవారు "ఇది ఎచ్చటి చేయి?" అని అడుగవలెను. పిల్లవాడు తిరిగి వచ్చినను రాకున్నను, వానికి శ్రుతి నేర్పిన పెద్దవాని పేరు ఈ గ్రంథాలయపు ఖాతాలో చెరగకుండ నుండవలెను. ఆ ఖాతా రేపు ఉదయమునుండి తెరచి యుండును. మీ యింటి పెద్దలలో వాద్యము చేతబట్టినవారుండినచో, వారిని వెంటబెట్టుకొని రండు, పేరు వ్రాయింపుడు.

 గ్రంథాలయము శతమానముగ వర్ధిల్లుగాక! శుభమస్తు.